బ్లెనిమ్: ఫిరంగులు దించుకుని తల్లి ఓడగా మారిన పాత క్రూయిజర్ (తరచుగా అడిగే ప్రశ్నలు)

హెచ్‌ఎంఎస్ బ్లెనిమ్ బ్రిటిష్ నౌకాదళపు ఓడ. 1890లో నీళ్లలోకి దిగింది, 1926లో తుక్కు కింద అమ్ముడుపోయింది. మొదట్లో అది పెద్ద క్రూయిజర్, అంటే దూర సముద్రాలకి పోగల యుద్ధనౌక. తరవాత డిస్ట్రాయర్ల, అంటే చిన్న, వేగమైన యుద్ధనౌకల డిపో ఓడ. దీని గురించి రాసేవాళ్లు మొదటి సగాన్ని వివరంగా చెప్పి, రెండో సగాన్ని "డిపో ఓడగా మార్చారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ ఒక్క ముక్క వెనక దాదాపు ఇరవయ్యేళ్ల చాకిరీ ఉంది. నాకు ఈ ఓడ మీద ఇష్టం పుట్టింది ఆ ఇరవయ్యేళ్ల వల్లే. అందుకే ఇక్కడ ఎక్కువ జాగా దానికే ఇచ్చాను.

డిపో ఓడ అంటే ఏమిటి? ఆర్టీసీ డిపో లాంటిదేనా?

దాదాపు అదే. రాత్రికి బస్సులు డిపోకి చేరతాయి. డీజిల్ పోస్తారు, టైర్లు చూస్తారు, మెకానిక్ బ్రేకులు సరిచేస్తాడు. డ్రైవర్లు, కండక్టర్లు అక్కడే పడుకుంటారు. జీతాల లెక్క, సెలవుల లెక్క అన్నీ ఆ డిపోలోనే. ఇదంతా ఒక ఓడలో ఉంటే, ఆ ఓడ బస్సులతో పాటు ఊరూరా తిరిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. డిపో ఓడ అంటే అదే.

ఇంగ్లిష్ నావికులు దీన్ని తల్లి ఓడ అని కూడా పిలుచుకునేవాళ్లు. చిన్న నౌకలు పని ముగించుకుని వచ్చి దాని పక్కన వరసగా కట్టేసుకుంటాయి. కాన్పుకో పండక్కో పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల నాలుగు రోజులు కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయి, మళ్లీ అత్తింటికి బయల్దేరినట్టే ఉంటుంది ఆ రాకపోకల వ్యవహారం.

డిస్ట్రాయర్ యుద్ధనౌకే కదా, దానికి ఇంకో ఓడ సాయం ఎందుకు?

ఆ కాలపు డిస్ట్రాయర్ చాలా చిన్నది. బ్లెనిమ్ సాకిన వాటిలో ముఖ్యమైనవి బీగిల్ తరగతి నౌకలు. ఒక్కోటి సుమారు 900 టన్నులు, వెడల్పు ఎనిమిదిన్నర మీటర్లు, వేగం 27 నాట్లు (గంటకి సుమారు 50 కిలోమీటర్లు). ఆ వేగం కోసం ఓడ పొట్ట మొత్తాన్ని బాయిలర్లకీ ఇంజిన్లకీ ఇచ్చేశారు. మిగిలిన సందుల్లోనే దాదాపు వంద మంది సర్దుకోవాలి.

కాబట్టి చెప్పుకోదగ్గ వర్క్‌షాపుకి గానీ, ఆసుపత్రికి గానీ, రొట్టెలు కాల్చే బట్టీకి గానీ అందులో చోటు లేదు. బట్టలు ఉతుక్కోవడానికి నీళ్లు కూడా లెక్క చూసి వాడుకోవాలి. సముద్రం కాస్త పొంగితే పడక దగ్గరికే నీళ్లు వస్తాయి. ఇలాంటి నౌక సముద్రం మీద కొద్ది రోజులు బాగా పనిచేస్తుంది. ఆ తరవాత మనుషులకీ మెషిన్లకీ విశ్రాంతి కావాలి. ఓడల్ని బాగుచేసే డాక్‌యార్డు దగ్గర్లో ఉంటే సరే. లేకపోతే డాక్‌యార్డునే దాని దగ్గరికి తీసుకెళ్లాలి.

బ్లెనిమ్‌ని మొదట దేనికోసం కట్టారు?

బ్రిటన్ వ్యాపారమంతా సముద్రం మీదే. శత్రువుల వేగమైన ఓడలు దారికాచి సరుకు ఓడల్ని పట్టుకుంటే ఆ దేశానికి తిండి కూడా దొరకదు. అలాంటి వాటిని వెంటాడి పట్టుకోవడానికి రెండు పెద్ద క్రూయిజర్లు కట్టారు. ఒకటి బ్లేక్, రెండోది బ్లెనిమ్. రెండింటినీ డిజైన్ చేసింది విలియం వైట్. ఆ రోజుల్లో బ్రిటిష్ యుద్ధనౌకల డిజైన్‌లో ఆయన మాటకి తిరుగులేదు.

బ్లెనిమ్ బరువు 9,150 టన్నులు. వెడల్పు 65 అడుగులు, అంటే సుమారు ఇరవై మీటర్లు. ముందొకటి, వెనకొకటి 9.2 అంగుళాల ఫిరంగులు, పక్కల పది 6 అంగుళాల ఫిరంగులు, ఇవి కాక చిన్నవి, టార్పెడో గొట్టాలు. సిబ్బంది సుమారు 570 మంది. ప్రపంచంలో ఏ మూలకైనా సొంతంగా పోయి రాగలిగేలా కట్టారు. ఈ పెద్ద కడుపే తరవాత దాని బతుకుని మార్చేసింది.

ఎక్కడ కట్టారు?

లండన్‌లో, థేమ్స్ నదిలోకి బో క్రీక్ కలిసే చోట ఉన్న థేమ్స్ ఐరన్‌వర్క్స్‌లో. 1888లో పని మొదలైంది. 1890 జులై 5న ఓడ నీళ్లలోకి దిగింది. అన్నీ పూర్తయ్యేసరికి 1894 వచ్చింది. బ్రిటన్ మొదటి ఇనుప యుద్ధనౌక వారియర్‌ని కట్టింది కూడా ఈ కంపెనీయే. ఫుట్‌బాల్ చూసేవాళ్లకి ఒక ముచ్చట: ఈ కంపెనీ కార్మికులు 1895లో పెట్టుకున్న జట్టే తరవాత వెస్ట్‌హామ్ యునైటెడ్ అయింది. ఆ జట్టు గుర్తు మీద ఇప్పటికీ రెండు సుత్తులు ఉంటాయి. బ్లెనిమ్ రివెట్లు కొట్టిన చేతులకీ ఆ సుత్తులకీ చుట్టరికం ఉందన్నమాట. కంపెనీ మాత్రం 1912లో మూతపడింది.

పేరు బ్లెన్‌హైమా, బ్లెనిమా?

రాత చూస్తే బ్లెన్‌హైమ్ అనిపిస్తుంది గానీ ఇంగ్లిష్‌వాళ్లు బ్లెనిమ్ అంటారు. 1704లో బవేరియాలోని ఒక ఊరి దగ్గర మార్ల్‌బరో డ్యూక్ గెలిచిన యుద్ధం పేరు అది.

ఈ పేరుతో అంతకు ముందు కూడా ఓడలు ఉన్నాయి. వాటిలో ఒకటి మనకి దగ్గర్లోంచి బయల్దేరి తిరిగి రాలేదు. 1807 జనవరిలో తెరచాపల బ్లెనిమ్ అడ్మిరల్ థామస్ ట్రౌబ్రిడ్జ్‌ని ఎక్కించుకుని మద్రాసు నుంచి ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న కేప్‌కి బయల్దేరింది. అప్పటికే అది బాగా పాతబడిపోయింది. హిందూ మహాసముద్రంలో తుఫానులో చిక్కుకుంది. ఆ తరవాత ఓడా కనబడలేదు, మనుషులూ కనబడలేదు. ట్రౌబ్రిడ్జ్ ఇంటిపేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

"ప్రొటెక్టెడ్ క్రూయిజర్" అని రాస్తారు. అంటే?

ఓడ పక్కలకి మందపు ఉక్కు కవచం ఉండదు. దాని బదులు ఓడ లోపల, నీటిమట్టం దగ్గర, తాబేలు డిప్పలా వంపు తిరిగిన ఉక్కు డెక్ ఉంటుంది. బ్లెనిమ్‌లో ఇది 3 నుంచి 6 అంగుళాల మందం. ఇంజిన్లు, బాయిలర్లు, మందుగుండు దీని కింద ఉంటాయి. దాని పైన పక్కల్లో బొగ్గు నింపుతారు, గుండు తగిలితే బొగ్గు కూడా కొంత అడ్డుపడుతుంది. మంచి ఆలోచనే. కానీ కొద్ది ఏళ్లలోనే మేలైన ఉక్కు వచ్చి, పక్కలకే కవచం తొడిగిన క్రూయిజర్లు తయారయ్యాయి. దాంతో ఈ పద్ధతి పాతబడింది.

అనుకున్న వేగం అందుకుందా?

20,000 హార్స్‌పవర్, 22 నాట్లు అని కాగితం మీద రాసుకున్నారు. అది బలవంతపు గాలితో లెక్క. అంటే బాయిలర్ గదిని మూసేసి ఫ్యాన్లతో గాలి తోసి మంటని రెచ్చగొట్టడం. మన కొలిమి తిత్తి పనే, ఇంకా పెద్ద ఎత్తున. దాని వల్ల ట్యూబుల చివర్లు విపరీతంగా వేడెక్కి, అతుకుల దగ్గర వదులై లీకయ్యేవి. ఇది బ్లెనిమ్ ఒక్కదాని జబ్బు కాదు, 1890ల మొదట్లో ఆ నౌకాదళమంతా పడిన టెన్షన్. ట్యూబు చివరలకి రక్షణగా చిన్న లోహపు టోపీల్లాంటివి తొడగడం వచ్చాక కొంత నయమైంది. మామూలు గాలితో నడిపితే మాత్రం బ్లెనిమ్ నమ్మకమైన ఓడే. దూరాలు తేలిగ్గా పోయేది.

ఓడకి నల్లరంగు వేశారని చదివాను. నిజమేనా?

నిజమే. 1894 డిసెంబర్ 12న కెనడా ప్రధానమంత్రి సర్ జాన్ థామ్సన్ ఇంగ్లండ్‌లోని విండ్సర్ కోటలో చనిపోయారు. విక్టోరియా రాణి సమక్షంలో ఆమె సలహా మండలి ప్రీవీ కౌన్సిల్ సభ్యుడిగా ప్రమాణం చేసిన కాసేపటికే, భోజనం దగ్గర కుప్పకూలారు. వయసు 49. పరాయి గడ్డ మీద, అదీ రాణి ఇంట్లో పోయిన మనిషిని మర్యాదగా సొంత ఊరు చేర్చాలి. ఆ పనికి బ్లెనిమ్‌ని పిలిచారు. ఓడ పక్కలకి నల్లరంగు పూసి, పోర్ట్స్‌మౌత్ నుంచి శవపేటికతో నడి చలికాలంలో అట్లాంటిక్ దాటించారు. 1895 జనవరి 1న అది కెనడాలోని హాలిఫాక్స్ చేరింది. రెండు రోజుల తరవాత అక్కడ అంత్యక్రియలు జరిగాయి.

కొత్త సంవత్సరం రోజున రేవులోకి నల్లటి ఓడ రావడం ఆ ఊరివాళ్లకి ఎలా అనిపించి ఉంటుందో అని ఇది చదివినప్పుడల్లా అనుకుంటాను. ఆయన ఆ ఊళ్లోనే పుట్టి పెరిగినవారు.

ఇంకో శవయాత్ర కూడా చేసిందట?

ఏడాది తిరిగీ తిరగకుండానే. విక్టోరియా రాణి చిన్న అల్లుడు, బాటెన్‌బర్గ్ రాకుమారుడు హెన్రీ, పశ్చిమాఫ్రికాలో అశాంతీ రాజ్యం మీదికి వెళ్లిన సైన్యంతో పోయి మలేరియా తెచ్చుకున్నారు. 1896 జనవరి 20న సియెర్రా లియోన్ తీరం దగ్గర బ్లాండ్ అనే ఓడ మీద చనిపోయారు. ఆయన్ని ఇంగ్లండ్‌కి చేర్చింది బ్లెనిమే. క్రూయిజర్‌గా ఉన్నప్పుడు ఈ ఓడకి దక్కిన రెండు ముఖ్యమైన పనులూ పోయినవాళ్లని ఇళ్లకి చేర్చడమే. తరవాత బతికున్నవాళ్లని సాకే పనికి వచ్చింది.

మధ్యలో ఇంకెక్కడెక్కడ పనిచేసింది?

బ్రిటన్ దగ్గరి ఛానెల్ స్క్వాడ్రన్‌లో ఉంది. 1901లో చైనా స్టేషన్‌కి, అంటే చైనా వైపు సముద్రాలు చూసుకునే బ్రిటిష్ దళానికి, వెళ్లింది. చైనాలో విదేశీయుల మీద లేచిన బాక్సర్ తిరుగుబాటు చల్లారిన కొత్త రోజులవి. చెప్పుకోదగ్గ యుద్ధమేమీ చెయ్యలేదు.

అంత పెద్ద క్రూయిజర్‌ని పదిహేనేళ్లు కూడా నిండకుండా ఎందుకు పక్కన పెట్టారు?

1904 అక్టోబర్‌లో జాకీ ఫిషర్ నౌకాదళానికి పెద్ద అయ్యారు. కొత్త యుద్ధనౌకలతో పోరాడే బలం లేని, తప్పించుకుని పారిపోయే వేగం లేని పాత ఓడల్ని మోయడం దండగ అన్నారు. వాటి మీద ఉన్న వేల మంది నావికుల్ని కొత్త ఓడలకి పంపాలన్నది ఆయన లెక్క. అలా దాదాపు 150 ఓడల్ని జాబితాలోంచి తీసేశారు. 1906లో పెద్ద ఫిరంగుల కొత్త రకం యుద్ధనౌక డ్రెడ్‌నాట్ వచ్చింది. 1908లో టర్బైన్లతో 25 నాట్లు పరిగెత్తే ఇన్విన్సిబుల్ వచ్చింది. వాటి ముందు 1890 నాటి క్రూయిజర్ ఎడ్లబండే.

ఆయన తొందరపాటు మీద ఇప్పటికీ వాదనలున్నాయి. నా మటుకు నాకు, బ్లెనిమ్ విషయంలో జరిగింది మంచిదే అనిపిస్తుంది. తుక్కుకి పోకుండా పనికొచ్చే చోటికి పంపారు.

కొత్త డిపో ఓడ కట్టకుండా పాత క్రూయిజర్‌ని ఎందుకు మార్చారు?

మొదటి కారణం డబ్బే. పెట్టుబడి ఎప్పుడో పెట్టేశారు. రెండోది జాగా. ఫిరంగులు, వాటి గుండ్లు, వాటిని నడిపే మనుషులు దిగిపోతే ఓడలో బోలెడు చోటు మిగులుతుంది. మూడోది, ఇదే అన్నిటికన్నా ముఖ్యమనుకుంటాను, దానికి సొంత కాళ్లున్నాయి. ఒడ్డున కట్టేసిన పాత ఓడని గోడౌన్‌లా వాడుకోవచ్చు గానీ, డిస్ట్రాయర్లు వేరే సముద్రానికి వెళ్తే అది వెంట వెళ్లలేదు. బ్లెనిమ్ వెళ్లగలదు. దూరప్రయాణాల కోసం కట్టిన ఓడ కాబట్టి బొగ్గు కొట్లు, నీళ్ల ట్యాంకులు, ఉప్పునీటిని మంచినీళ్లుగా మార్చే యంత్రాలు పెద్దవే. వాటిని పక్క నౌకలకీ పంచగలదు.

మార్చాక లోపల ఏమేం ఉండేవి?

మార్పు 1907-08లో జరిగింది. బరువైన ఫిరంగులు దించేశారు. ఆ రోజుల్లో డిస్ట్రాయర్ల డిపో ఓడ అంటే ఇవి ఉండాల్సిందే: లేత్‌లు, డ్రిల్లింగ్ మెషిన్లు ఉన్న వర్క్‌షాపు, చిన్న పోత కొలిమి, కమ్మరి కొలిమి, రాగి పైపులు వంచి అతికేవాళ్లు, వడ్రంగులు. టార్పెడోలు విప్పి శుభ్రం చేసి, వాటి సిలిండర్లలో గాలి ఎక్కించే చోటు. డాక్టర్, కొన్ని పడకలు, మందులు. రొట్టెల బట్టీ. స్టోర్‌లో తాడు, పెయింట్, దుప్పట్లు, సబ్బు, బూట్లు. జీతాలిచ్చే ఆఫీసు. ఉత్తరాల సంచులు.

రొట్టె మాటే చూడండి. డిస్ట్రాయర్ మీద నావికుడు గట్టి బిస్కెట్టూ డబ్బా మాంసంతో కాలం గడుపుతాడు. తల్లి ఓడ పక్కకి రాగానే వేడి రొట్టె వాసన. నాలుగు రోజులు హోటల్ తిండి తిని ఇంటికొచ్చి పప్పన్నం, ఆవకాయ కలుపుకున్నప్పటి సుఖం మనకి తెలుసు కదా, అదే.

ఒక మామూలు రిపేరు ఎలా జరిగేది?

కండెన్సర్ లీకు తీసుకుందాం. ఆ రోజుల్లో ఇంజనీర్లని నిద్రపోనివ్వని జబ్బు అది.

ఇంజిన్‌లో పనిచేసి వచ్చిన ఆవిరిని మళ్లీ నీళ్లు చేసి బాయిలర్‌కి పంపేది కండెన్సర్. అందులో వేలకొద్దీ సన్నటి ఇత్తడి ట్యూబులు. ట్యూబుల లోపల చల్లటి సముద్రపు నీళ్లు, బయట ఆవిరి. ఒక్క ట్యూబుకి సూదిమొనంత చిల్లు పడినా చాలు, ఉప్పునీళ్లు బాయిలర్ నీళ్లలో కలుస్తాయి. ఉప్పు పేరుకుని బాయిలర్ పాడైపోతుంది. అందుకే బాయిలర్ నీళ్లు కాసిని గాజు గొట్టంలోకి తీసి, సిల్వర్ నైట్రేట్ చుక్క వేసి చూస్తారు. నీళ్లు నీళ్లలాగే ఉంటే ఫరవాలేదు. కుడితిలా తెల్లగా మారాయా, ఉప్పు చేరినట్టే.

డిస్ట్రాయర్ తల్లి ఓడ పక్కకి వస్తుంది. మంట ఆర్పి, చల్లారాక, డిపో ఓడ పనివాళ్లు కండెన్సర్ రెండు చివర్ల మూతలు విప్పుతారు. ఆవిరి ఉండే వైపు నీళ్లు నింపి, దీపం పట్టుకుని, తేనెపట్టు లాంటి ఆ ట్యూబుల చివర్లని ఒక్కొక్కటే చూస్తారు. ఎక్కడో ఒకచోట చుక్క కడుతుంది. తుడుస్తారు. మళ్లీ కడుతుంది. అదే దొంగ. ఆ ట్యూబుకి రెండు వైపులా బిరడాలు కొట్టేస్తారు, తీరిక ఉంటే ట్యూబు మార్చేస్తారు. మూతలు బిగించి మళ్లీ పరీక్ష. ఆ మధ్యలో డిస్ట్రాయర్ వాళ్లు తల్లి ఓడ మీదికెక్కి స్నానాలు చేసి, ఉత్తరాలు చదువుకుని, పడుకుంటారు. పని చేసినవాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ ఉండవు. మర్నాడు ఆ డిస్ట్రాయర్ గస్తీకి పోగలిగిందంటే కారణం మాత్రం వాళ్లే.

మధ్యధరా సముద్రానికి ఎప్పుడు వెళ్లింది?

1913లో. బీగిల్ తరగతి డిస్ట్రాయర్లు 16 ఉన్నాయి, బ్రిటిష్ నౌకాదళంలో బొగ్గుతో నడిచిన చివరి డిస్ట్రాయర్లు అవే. అప్పటికి మధ్యధరా రేవుల్లో చమురు దొరకడం కష్టం, బొగ్గు దొరుకుతుంది. అందుకని వాటిని అక్కడికి పంపారు. తోడుగా బ్లెనిమ్ వెళ్లింది.

వాటిలో ఒకటి స్కార్పియన్. దాని కమాండర్ ఆండ్రూ కన్నింగ్‌హామ్. 1911 నుంచి 1918 దాకా ఆయన ఆ ఒక్క నౌకతోనే ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో మధ్యధరా నౌకాదళాన్ని నడిపించి, 1941లో మటపాన్ యుద్ధం గెలిచిన అడ్మిరల్ కన్నింగ్‌హామ్ ఈయనే. అంత పెద్ద పేరున్న నావికుడు కూడా పడుచు వయసులో బ్లెనిమ్ గొడుగు కిందే పనిచేశారు.

1914 ఆగస్టులో గోబెన్ తప్పించుకుపోయిన కథకీ దీనికీ సంబంధం ఉందా?

డిపో ఓడల అవసరం ఎంతో తెలియాలంటే ఆ కథ వినాలి. మొదటి ప్రపంచ యుద్ధం అప్పుడే మొదలైంది. జర్మన్ బ్యాటిల్ క్రూయిజర్ గోబెన్ తూర్పుకి, టర్కీ వైపు, పారిపోతోంది. దాన్ని అడ్డుకోగల చోట ఉన్న దళానికి అధిపతి అడ్మిరల్ ఎర్నెస్ట్ ట్రౌబ్రిడ్జ్. మద్రాసు నుంచి బయల్దేరి పాత బ్లెనిమ్‌తో పాటు మునిగిపోయిన థామస్ ట్రౌబ్రిడ్జ్‌కి ఈయన మునిమనవడు. ఈయన దగ్గరున్న డిస్ట్రాయర్లు రాత్రి చీకట్లో టార్పెడోలు వేయగలవు. కానీ వాటిలో బొగ్గు అడుగంటింది. చాలావాటికి వెంటాడే శక్తి లేదు. ట్రౌబ్రిడ్జ్ వెనక్కి తిరిగారు, దాని మీద కోర్టు మార్షల్ (సైనిక విచారణ) కూడా జరిగింది, నిర్దోషి అన్నారు. గోబెన్ ఇస్తాంబుల్ చేరడంతో టర్కీ యుద్ధంలోకి రావడానికి దారి పడింది. తప్పెవరిదన్న చర్చ అలా ఉంచితే, అడుగంటిన బొగ్గు కొట్టు ఎంత దూరం ప్రభావం చూపిస్తుందో ఇక్కడ కనిపిస్తుంది.

గల్లిపోలి యుద్ధంలో బ్లెనిమ్ పని ఏమిటి?

దాని జీవితంలో అన్నిటికన్నా పెద్ద పని అదే. టర్కీలోని డార్డనెల్స్ జలసంధిని పట్టుకోవడానికి బ్రిటన్, దాని మిత్రులు చేసిన యుద్ధం అది. 1915 మార్చిలో బ్లెనిమ్ ఆ జలసంధికి దగ్గర్లో ఉన్న లెమ్నోస్ దీవిలోని ముద్రోస్ రేవుకి చేరింది. చాలా విశాలమైన సహజ రేవు అది. లంగరు వేయడానికి చోటుకి కొదవ లేదు. మిగతావన్నీ కొదవే. సరైన జెట్టీలు లేవు, వర్క్‌షాపులు లేవు, వచ్చిన వేల మందికి తాగునీళ్లు చాలవు. నీళ్లు కూడా ఈజిప్ట్ నుంచి ఓడల్లో రావాల్సి వచ్చింది. దగ్గర్లోని పెద్ద డాక్‌యార్డు మాల్టాలో ఉంది, వెయ్యి కిలోమీటర్ల పైనే. ప్రతి లీకుకీ మాల్టా పరిగెత్తితే ముందు వరసలో డిస్ట్రాయర్ ఒక్కటీ మిగలదు.

ఆ డిస్ట్రాయర్లకి పని ఒక రకం కాదు. మార్చి 18న పెద్ద యుద్ధనౌకలు జలసంధిలోకి చొచ్చుకుపోబోతే నీళ్లలోని మందుపాతరలు తగిలి మూడు మునిగాయి. మందుపాతరలు ఏరాల్సిన చేపల పడవలు ఆ గుండ్ల వానలో నిలవలేకపోయాయి. దాంతో బీగిల్ తరగతి నౌకలకే మందుపాతరలు ఏరే తాళ్లు కట్టారు. ఏప్రిల్ 25న గల్లిపోలిలోని అన్జాక్ తీరంలో సైన్యం దిగినప్పుడు, మొదటి వరస పడవల వెనకే మిగతా ఆస్ట్రేలియన్ సైనికుల్ని ఒడ్డుకి చేర్చింది ఏడు డిస్ట్రాయర్లు: బీగిల్, ఫాక్స్‌హౌండ్, స్కర్జ్, కోల్న్, చెల్మర్, అస్క్, రిబుల్. ఆ తరవాత నెలల తరబడి రాత్రిళ్లు ఒడ్డు పక్కనే నిలబడి సెర్చ్‌లైటు వేస్తూ, ఫిరంగులు పేలుస్తూ, గాయపడినవాళ్లని మోస్తూ గడిపాయి. డిసెంబర్‌లో, జనవరిలో సైన్యాన్ని రాత్రికి రాత్రి వెనక్కి తెచ్చినప్పుడూ అవే.

ప్రతిసారీ అవి ముద్రోస్‌కి తిరిగి వచ్చాయి. బాయిలర్లు కడగాలి, బొగ్గు నింపాలి, గుండ్ల చిల్లులు పూడ్చాలి. యుద్ధ చరిత్రలో డిస్ట్రాయర్ల కథ తీరం దగ్గర మొదలై తీరం దగ్గరే ముగుస్తుంది. వాళ్లు తిరిగొచ్చి ఎక్కడ పడుకున్నారన్నది ఎవరూ చెప్పరు. 1918 అక్టోబర్ 30న టర్కీతో సంధి మీద సంతకాలు జరిగింది కూడా ఈ ముద్రోస్ రేవులోనే, అగమెమ్నాన్ అనే యుద్ధనౌక మీద.

పాత సర్వీసు రికార్డులో "బ్లెనిమ్" అని ఉంది. ఆ మనిషి నిజంగా ఈ ఓడ మీదే పనిచేశాడా?

తొందరపడి అలా అనుకోకండి. బ్రిటన్‌లో ఉండే మా బాబాయి కొడుకు వాళ్ల ఆఫీసులో ఒకాయనకి వచ్చిన అనుమానం ఇదే, నాకు ఫోటో పంపించాడు. ముత్తాత డిస్ట్రాయర్ మీద ఉండేవాడని ఇంట్లో చెప్పుకుంటారు, కాగితంలో చూస్తే బ్లెనిమ్ అని ఉంది. రెండూ నిజమే కావచ్చు. డిస్ట్రాయర్ చిన్నది కాబట్టి దాని జీతాల లెక్కలు తల్లి ఓడ పుస్తకాల్లో రాసేవాళ్లు. అందుకని డిస్ట్రాయర్ నావికుడి కార్డులో కూడా తల్లి ఓడ పేరే పడుతుంది. చాలాసార్లు పక్కనే బ్రాకెట్లో అసలు నౌక పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. భూతద్దం పెట్టి చూడమన్నాను. "బ్లెనిమ్" పక్కన గీతలా కనిపించింది నిజానికి నలిగిపోయిన బ్రాకెట్టు. లోపల మసకగా "స్కర్జ్" అని ఉంది. ఫోన్‌లో ఆయన గొంతు వణకడం నాకు వినిపించింది.

ఈ కార్డులు లండన్ దగ్గర క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఏడీఎం 188 వరసలో ఉంటాయి.

జంట ఓడ బ్లేక్ ఏమైంది?

అదీ ఇదే దారి పట్టింది. 1889లో చాతమ్‌లో నీళ్లలోకి దిగింది, కొన్నాళ్లు ఉత్తర అమెరికా, వెస్టిండీస్ స్టేషన్‌కి ఫ్లాగ్‌షిప్‌గా (అడ్మిరల్ ఉండే ఓడగా) వెలిగింది. చెల్లెలితో పాటే డిపో ఓడ అయింది. బ్లెనిమ్ మధ్యధరాలో ఉంటే, బ్లేక్ బ్రిటన్ దగ్గరి డిస్ట్రాయర్లని చూసుకుంది. 1922లో అమ్మేశారు.

ఇలా మారిన క్రూయిజర్లు ఇంకా ఉన్నాయా?

చాలా. థేమ్స్ 1903లో సబ్‌మెరైన్ల డిపో ఓడ అయింది. బొనవెంచర్, అరొగెంట్ కూడా సబ్‌మెరైన్లకే. లియాండర్, సెయింట్ జార్జ్ డిస్ట్రాయర్లకి.

మన దేశంలో ఇలాంటి తల్లి ఓడ ఉండేదా?

ఉండేది, కాకపోతే పాత క్రూయిజర్ కాదు. డిపో ఓడగానే సోవియట్ యూనియన్‌లో కట్టిన ఐఎన్ఎస్ అంబ 1968లో మన నౌకాదళంలో చేరింది. కల్వరి తరగతి సబ్‌మెరైన్లని చూసుకోవడం దాని పని. 2006లో సెలవు తీసుకుంది. అంబ అంటే అమ్మ. ఆ పేరు పెట్టినవాళ్లకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా నిలబెట్టిన కుర్సురా ఆ కల్వరి తరగతిదే. నేను చాలాసార్లు లోపలికి వెళ్లాను. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి ఆ గుండ్రటి సందులోంచి వంగి దూరేటప్పుడు నడుం పట్టేస్తుంది. టార్పెడోల పక్కనే పడకలు. డెబ్బై అయిదు మంది వారాల తరబడి అందులోనే ఉండేవారు. మొదటిసారి బయటికొచ్చి బీచ్ గాలి పీల్చుకున్నప్పుడు, వీళ్లు రేవుకి వచ్చాక స్నానం ఎక్కడ చేసేవాళ్లో అన్న ప్రశ్న వచ్చింది నాకు. డిపో ఓడల గురించి చదవడం మొదలుపెట్టింది ఆ రోజే.

బ్లెనిమ్ స్వయంగా ఏ యుద్ధమూ చెయ్యలేదా?

పేరు మోసిన ఏ నౌకాయుద్ధంలోనూ దాని ఫిరంగులు లేవు. దీన్ని లోటుగా చెప్పేవాళ్లతో నేను ఒప్పుకోను. ఒక డిస్ట్రాయర్ దళం ఏళ్ల తరబడి పరాయి రేవులో పనిచేసిందంటే, దాని ప్రతి గస్తీలో తల్లి ఓడకి వాటా ఉంది. వంటింట్లో పొయ్యి వెలిగించినవాళ్లని పంక్తిలో లెక్కపెట్టకపోవడం మనకీ అలవాటే, అదే పొరపాటు ఇక్కడ కూడా జరిగింది.

చివరికి ఏమైంది?

1926 జులైలో పాత ఓడల్ని తుక్కు చేసే వార్డ్ కంపెనీకి అమ్మారు. వేల్స్‌లోని పెంబ్రోక్ డాక్‌లో విడగొట్టారు. వందేళ్లకి పైగా యుద్ధనౌకలు కట్టిన అక్కడి రాజ డాక్‌యార్డుని ప్రభుత్వం మూసేసింది కూడా ఆ ఏడాదే.

ఆ పేరు మళ్లీ ఏ ఓడకైనా పెట్టారా?

పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక డిపో ఓడలు మళ్లీ చాల్లేదు. 1940లో ఒక సరుకు ఓడని కొని, లోపల వర్క్‌షాపులు పెట్టి, డిస్ట్రాయర్లకి తల్లి ఓడగా మార్చారు. దానికి బ్లెనిమ్ అని పేరు పెట్టారు.